ఎర్రబడ్డ నాన్న

2001 జూన్‌లో ఒక ఆదివారం రాత్రి అమ్మ బందరు నుంచి ఫోన్ చేసింది. మంచీ చెడ్డా అన్నీ అయిపోయాక, పెట్టేసేముందు ఒక మాట అంది.

"ఏరా, మీ నాన్నగారు రోజురోజుకీ ఎర్రబడుతున్నార్రా!"

నవ్వి ఊరుకున్నాను. నాన్నగారు పోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. ఉన్నన్నాళ్ళూ ఆయనది చామనఛాయ కన్నా ఒక పిసరు ఎక్కువే. ఎర్రగా బుర్రగా ఉండే మా పెద్దమామయ్యని ఆయన పక్కన కూర్చోబెట్టి, చుట్టాలు పెళ్ళిళ్ళలో వేళాకోళమాడేవారు. ఆయనా నవ్వేవారు. అలాంటి మనిషి పోయిన తరువాత ఎర్రబడడమేమిటి? గోడ మీది ఫోటో గురించి అంటోందని తెలుసు గానీ, అమ్మ కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాను. దసరాకి వెళ్ళి చూశాక తెలిసింది, మార్చవలసింది కళ్ళజోడు కాదని.

పటంలో నాన్నగారు నారింజపండు రంగులో ఉన్నారు. వెనకనున్న పందిరి ఆకులు ఎండుగడ్డి రంగుకి తిరిగాయి. తెల్లచొక్కా మీద నీడలు గులాబీ రంగులో ఉన్నాయి. పటం చట్రం కిందకి వెళ్ళిన అంచులో మాత్రం, సన్నటి దారమంత మేర, నేను మార్చిలో చూసిన రంగులు అలాగే ఉన్నాయి.

* * *

ఆ ఫోటో సంగతి కొంచెం చెప్పాలి.

నాన్నగారు రెవిన్యూ ఆఫీసులో గుమాస్తా. ఫోటో అనగానే బిగుసుకుపోయేవారు. ఉన్న నాలుగైదు ఫోటోల్లోనూ ఎవరో అరెస్టు చేసినట్టు నిలబడి ఉంటారు. ఒక్కటి తప్ప. 1988లో అక్క పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటోలో, కుడివైపు చివర, ఎవరో ఏదో అన్నదానికి తల పక్కకి తిప్పి నవ్వుతున్నారు. ఆయన నవ్వు పడ్డ ఫోటో అదొక్కటే.

హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక, దాచుకున్న డబ్బుతో ఒక స్కానరూ, ఆరు రంగుల ఇంక్‌జెట్ ప్రింటరూ కొన్నాను. మామూలు ప్రింటర్లలో ఉండే నాలుగు రంగులకీ తోడు లేత నీలం, లేత గులాబీ ఉండేవి. ఫోటోలు పదేళ్ళకి పైగా వెలిసిపోవని ప్రకటనలు చెప్పాయి. అక్క దగ్గర ఆల్బమ్ అడిగి తెచ్చి, గ్రూపులోంచి నాన్నగారిని వేరుచేసి, ఒక రాత్రంతా కూర్చుని, నిగనిగలాడే ఫోటో కాగితం మీద పెద్ద సైజులో ముద్రించాను. స్కాన్ చేసిన ఫైలుని సీడీలోకి ఎక్కించి, ఆల్బమ్ అక్కకి తిరిగి ఇచ్చేశాను.

రెండో ఏటి ఆబ్దికానికి ఫోటో పట్టుకెళ్ళి బందరులో పటం కట్టించాను. కట్టే అతను గ్లాసు వేస్తానంటే వద్దన్నాను. హాల్లో తూర్పు కిటికీ ఎదురుగోడ మీద పెడతాం, గ్లాసులో కిటికీ కనబడుతుంది గానీ నాన్నగారు కనబడరు అని నా వాదన. "గ్లాసు లేకపోతే దుమ్ము పడుద్దండీ" అన్నాడతను. దుమ్ము తుడుచుకుంటాం లెమ్మన్నాను. అమ్మ ఆ కాగితం మీదే నుదుట కుంకుమబొట్టు పెట్టింది, దండ వేసింది. అంత చక్కటి నవ్వుని మళ్ళీ చూసి అక్క ఏడ్చేసింది. ఆరోజు నేనెంత గర్వపడ్డానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది.

* * *

ఎండ వల్ల వెలిసిందనే మొదట అనుకున్నాను. హైదరాబాదు తిరిగొచ్చాక ఆ అనుమానం నిలవలేదు. ప్రింటరు కొన్న రోజున సరదాకి కాగితంపూల ఫోటో ఒకటి రెండు ప్రతులు తీశాను. ఒకటి నా గదిలో ఎండ పొడ సోకని మూల, ఫ్యాను కింద, గోడకి గుచ్చి ఉంది. రెండోది నిఘంటువులో పేజీ గుర్తుగా పెట్టుకున్నాను. గోడ మీదిది నారింజరంగుకి తిరిగింది. పుస్తకంలోది చెక్కుచెదరలేదు. ఎండ తగలనిది కూడా పాడయిందంటే దొంగ వెలుతురు కాదు, గాలి.

తరువాత దొరికినదల్లా చదివాను. ఆ రోజుల్లో ప్రపంచంలో చాలాచోట్ల చాలామందికి ఇదే అనుభవమైంది. అమెరికాలో దానికి 'ఆరెంజ్ షిఫ్ట్' అని పేరు కూడా పెట్టారు. కారణం ఓజోను. మూడు ఆక్సిజన్ పరమాణువుల ఆ వాయువు పైన ఆకాశంలో మనల్ని కాపాడుతుందని చిన్నప్పుడు చదువుకున్నాం. నేల మీద వాహనాల పొగా, ఎండా కలిసినచోట కూడా అది పుడుతుంది. ఇక్కడ అది కాపాడేది కాదు, రబ్బరునీ రంగునీ కొరికేది.

కాగితం మీద చామనఛాయ ఎలా వస్తుందో గమనించండి. పసుపు, మెజెంటా కలిస్తే నారింజ ఛాయ వస్తుంది. దాని మీద కొద్దిగా సయాన్ అనే నీలం పడితే అది ఎరుపుని కొంత మింగి, మనిషి ఒంటిరంగుగా దించుతుంది. ఓజోను ముందుగా చంపేది ఆ నీలాన్నే. నీలం పోతే మిగిలేది నారింజ. అమ్మ మాట అక్షరాలా నిజం. నాన్నగారిలోని నలుపుని గాలి తినేస్తోంది, ఆయన ఎర్రబడుతున్నారు.

ఇందులో కాగితం పాత్ర కూడా ఉంది. అంతకుముందు ఫోటో కాగితాల మీద జిలెటిన్ వంటి పూత ఉండేది. సిరా పడగానే అది ఉబ్బి, రంగుని లోపలికి మింగి, మూసుకునేది. ఆరడానికి చాలాసేపు పట్టేది, తడివేలు తగిలితే మరక పడేది. దానికి విరుగుడుగా కొత్త కాగితాలు వచ్చాయి. సిలికా, అల్యూమినా వంటివాటి సన్నటి రేణువులతో పూత పూసి, కంటికి కనబడని కోట్ల రంధ్రాలు ఉండేలా చేశారు. సిరా బొట్టు పడగానే ఇంకిపోతుంది, ముద్రణ చేతికి వచ్చేసరికే పొడిగా ఉంటుంది. అయితే సిరా దూరిన ప్రతి రంధ్రంలోకీ గాలి కూడా దూరుతుంది. తొందరగా ఆరాలన్న మన కోరికే తొందరగా చావడానికి తలుపు తీసింది.

ఆ తలుపుకి అడ్డం పెట్టగలిగింది ఒక్క గ్లాసే. దాన్ని నేను తీయించాను.

* * *

ఇక్కడ నన్ను బాగా ఆశ్చర్యపరచిన సంగతి ఒకటి ఉంది.

మన ఊళ్ళల్లో గోడలకి అంటించిన సినిమా పోస్టర్లు నెలల తరబడి ఎండలో ఉంటే ఏ రంగుకి తిరుగుతాయి? నీలంగా! హీరోగారి ఎర్రచొక్కా, హీరోయిన్ బుగ్గలు, నిప్పుల వర్షం, అన్నీ పోయి, చివరికి ఒక నీలిలోకం మిగులుతుంది. పసుపూ మెజెంటా పోతాయి, నీలం నిలుస్తుంది. మరి మా ఇంట్లో నీలమే ముందు పోయిందేం?

చిత్రమేమిటంటే రెండూ ఒకే కుటుంబపు నీలాలు. దాని పేరు రాగి థాలోసయనిన్. 1928లో స్కాట్లండులోని గ్రేంజ్‌మత్ కర్మాగారంలో మరేదో రసాయనం తయారుచేస్తూండగా, పాత్ర లోపలి గాజుపూత పగిలి, ఇనుము తగిలిన చోట వింత నీలిపదార్థం కనబడింది. దాని వెంటపడితే ఈ కుటుంబం బయటపడింది. ఇనుము స్థానంలో రాగి ఉన్నదాన్ని 1935లో 'మొనాస్ట్రల్ బ్లూ' అన్న పేరుతో అమ్మకానికి పెట్టారు. ఎండకీ వానకీ తట్టుకునే నీలంగా అచ్చుసిరాల్లోనూ, రంగుల డబ్బాల్లోనూ స్థిరపడింది.

పోస్టరులో ఆ నీలం రేణువుగా ఉంటుంది. అంటే వేలాది అణువులు ఒకదానినొకటి అంటిపెట్టుకున్న గుళిక. వెలుతురో గాలో వచ్చి పైపొరలోని అణువుల్ని తిన్నా, లోపలివి నిలుస్తాయి. దీన్నే పిగ్మెంటు అంటారు. నా ప్రింటరు సిరాలో నీలం అలా లేదు. నీళ్ళలో కరగడానికి దాని అణువుకి కొన్ని తోకలు తగిలించి, పంచదార కరిగినట్టు కరిగించారు. అది డై. కరిగిన నీలంలో ఏ అణువుకా అణువు విడిగా ఉంటుంది. రంధ్రపుగోడకి అంటుకుని, చుట్టూ గాలి మధ్య ఒంటరిగా నిలబడుతుంది. ఓజోను ఒక్కొక్కదాన్నే చంపుకుంటూ పోతుంది.

అదే నీలం గుంపులో ఉన్నప్పుడు ఎండనే ఓడిస్తుంది, ఒంటరిదైనప్పుడు ఫ్యానుగాలికి పోతుంది. మన్నిక పదార్థంలోనే ఉంటుందనుకునేవాణ్ణి. దాని పొందికలో ఉంటుందని అప్పుడు తెలిసింది.

* * *

మరి మొదటినుంచీ ప్రింటర్లలో పిగ్మెంటే ఎందుకు వాడలేదంటారా? ఇంక్‌జెట్ పుట్టుకలోనే చిక్కు ఉంది. 1977లో కేనన్ ప్రయోగశాలలో సిరా నింపిన సిరంజి సూదికి పొరపాటున వేడి టంకం కర్ర తగిలి, సూది చివరనుంచి సిరా చిమ్మిందట. బబుల్‌జెట్ పద్ధతికి అదే మొదలని చెబుతారు. ఎప్సన్ వేడికి బదులు విద్యుత్తుతో వంగే స్ఫటికాన్ని వాడింది. దారి ఏదైనా, సిరా బయటపడవలసింది తలవెంట్రుక కన్నా సన్నటి రంధ్రాల్లోంచి. కరిగిన డై సాఫీగా పోతుంది. రేణువులైతే అడుగున పేరుకుంటాయి, రంధ్రాలు పూడిపోతాయి. పైగా డై రంగుల్లో ఉండే తళుకు వాటిలో ఉండదు.

వెలిసిపోవడం కొత్త జబ్బేమీ కాదు. 1991లో అమెరికాలో గాయకుడు గ్రాహమ్ నాష్, మిత్రుడు మాక్ హోల్బర్ట్‌తో కలిసి ఐరిస్ అనే భారీ ఇంక్‌జెట్ యంత్రంతో కళాముద్రణలు మొదలుపెట్టాడు. అది అసలు అచ్చుపనికి ముందు నమూనాలు తీసే యంత్రం. నమూనా నాలుగురోజులుంటే చాలు కదా, దాని సిరాలు కూడా అలాంటివే. చిత్రాలు అందంగా వచ్చాయి, త్వరగా వెలిశాయి. గోడ మీద పెట్టుకోవడానికి కొన్నవాళ్ళు అడగడం మొదలుపెట్టాకే, సిరా ఎన్నాళ్ళుంటుందన్న ప్రశ్న పరిశ్రమకి పట్టింది.

తరువాతి పదేళ్ళ కథ ఆ రేణువుని లొంగదీసుకున్న కథే. రేణువుల్ని మిల్లీమీటరులో పదివేలవవంతు దాకా నూరారు. అడుగున పేరుకోకుండా, కాగితానికి పట్టుకుని ఉండేలా ఒక్కొక్క రేణువుకీ రెజిన్ తొడుగు తొడిగారు. 2000లో ఎప్సన్ పిగ్మెంటు సిరాతో ఫోటో ప్రింటరు తెచ్చి, రెండువందల ఏళ్ళ మన్నిక అని ప్రకటించింది. ఆ ముద్రణలకి వేరే తెగులు ఉండేది. దీపం కింద సరిగా ఉన్న ముఖం కిటికీ దగ్గరికి తీసుకెళితే పచ్చగా కనబడేది. 2002లో అల్ట్రాక్రోమ్ సిరాలు వచ్చి ఆ తెగులుని తగ్గించాయి. 2005లో నలుపు ఒక్కటే మూడు గాఢతల్లో ఉన్న కే3 సిరాలు వచ్చాయి. ఛాయల్ని మూడు రంగుల కలయికతో కాకుండా నలుపుతోనే ఎక్కువగా కట్టడంతో, వెలుతురు మారినా ముఖం మారడం బాగా తగ్గింది. డై సిరాలవాళ్ళూ ఊరుకోలేదు. ఓజోనుకి అంత సులువుగా లొంగకుండా ఆ నీలపు అణువునే మార్చారు.

* * *

ఈ ఏళ్ళ లెక్కలు ఎక్కడివని కూడా వెతికాను. ఈ రంగంలో అందరూ చెప్పుకునే పేరు అమెరికాలోని అయోవాకి చెందిన హెన్రీ విల్హెల్మ్. రంగుల ఫోటోల మన్నిక మీద 1993లో ఆయన, కారల్ బ్రవర్ తోడ్పాటుతో, బృహద్గ్రంథం ప్రచురించాడు. ఆయన పద్ధతిలో ఫోటోని గ్లాసు వెనక ఉంచి, కొన్ని వారాలో నెలలో తీవ్రమైన వెలుతురు పోసి, ఎంత వెలిసిందో కొలుస్తారు. తరువాత దాన్ని ఇంటిగోడ లెక్కలోకి మారుస్తారు. ఇంట్లో రోజుకి 12 గంటలు, 450 లక్సుల వెలుతురు ఉంటుందని ఆయన ఒప్పందం. కొడాక్ తన కాగితాలకి 120 లక్సులే చాలనుకుంది. అంటే ఒకే ఫోటో, ఏమీ మారకుండానే, ఒకరి లెక్కలో 25 ఏళ్ళు, ఇంకొకరి లెక్కలో 90 ఏళ్ళు పైగా బతకగలదు!

మా హాలుకి ఈ లెక్క కట్టి చూశాను. 450 లక్సులు 12 గంటలంటే రోజుకి 5,400 లక్సుగంటలు. తూర్పుకిటికీలోంచి నేరుగా పడే పొద్దుటెండ 50,000 లక్సులనుకుందాం. రోజుకి ఒక్క గంట పడినా తొమ్మిది రోజులకి మించిన వెలుతురు. పదేళ్ళ హామీ ఆ గోడ మీద ఏడాదికి సరి. అది గ్లాసు ఉంటే. ఆనాటి ప్రకటనల అంకెలు వెలుతురుని లెక్కపెట్టాయి, గాలిని లెక్కపెట్టలేదు. కాబట్టి నాకెవరూ అబద్ధం చెప్పలేదు. అడగవలసిన ప్రశ్న నేను అడగలేదు. బందరులో పటం కట్టే అతను ఏ లక్సూ తెలియకుండానే సరైన మాట చెప్పాడు.

నిజానికి బందరువాడికి ఈ విద్య కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. కలంకారీ అద్దకం మా గడపలోనిది. పూర్వం మా తీరం నుంచి ఓడలెక్కిన అద్దకపు బట్టలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. మూడువందల ఏళ్ళైనా చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం నిలిచాయి. కానీ చాలా బట్టల్లో ఆకులు నీలంగా ఉంటాయి. ఆనాటి పనివాడు నీలిఆకులు వేయలేదు. నీలం మీద పసుపురంగు పూసి ఆకుపచ్చ తెప్పించాడు. పసుపు పోయింది, ఆకు నీలమైంది. పసుపు మరక పడ్డ బట్టని అమ్మ ఉతికి ఎండలో ఆరేసేది, సాయంత్రానికి మరక ఉండేది కాదు. ఎవరు ముందు పోతారన్నదే తేడా, వెలవడం మాత్రం ఎప్పుడూ ఒక్కొక్కరుగానే.

* * *

మళ్ళీ ముద్రిద్దామని సీడీ తీస్తే, అది తెరుచుకోలేదు. అలాంటి సీడీల్లో సమాచారాన్ని మోసేది కూడా ఒక పలచటి రంగుపొరే అని అప్పుడు చదివి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మరో ప్రతి నేను దాచలేదు. పెళ్ళిఫోటో తీసిన స్టూడియో ఎప్పుడో మూతపడింది, నెగటివులు లేవు. మిగిలింది అక్క ఆల్బమ్ ఒక్కటే. అదీ ప్లాస్టిక్ పొర కింద జిగురుకి అంటుకుపోయి, పద్దెనిమిదేళ్ళలో బీరువా చీకట్లోనే ఎర్రగా మారింది. ఆ కాలపు ఫోటో కాగితాల్లో కూడా చీకట్లో ముందు పోయేది నీలమే.

2006లో అమ్మ హైదరాబాదు వచ్చినప్పుడు, ఆ ఫోటోని మళ్ళీ స్కాన్ చేసి కంప్యూటరు ముందు కూర్చున్నాను. పోయిన నీలాన్ని లెక్కగట్టి తిరిగి పోయవచ్చు. ఎంత పోయాలన్నదే ప్రశ్న. కొంత పోస్తే మామయ్య, ఇంకొంత పోస్తే నాన్నగారు, మరికొంత పోస్తే ఎవరో అపరిచితుడు. నాకు ఆయన రంగు తెలుసుననుకున్నాను. తీరా చూస్తే, నా తలలో ఉన్నది కూడా ఐదేళ్ళుగా చూస్తున్న ఆ నారింజ పటమే.

అమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఇంకాస్త దించు" అంది. దించాను. "అంత కాదు. మరీ పొలంలోంచి వచ్చినట్టున్నారు." పెంచాను. "చెవులు చూడు. ఆయన చెవులు ముఖం కన్నా నలుపు." నలభై ఏళ్ళు ఇంట్లో తిరిగిన మనిషి చెవుల రంగు నేనెన్నడూ గమనించలేదు. చివరికి ఒకచోట ఆవిడ చెయ్యెత్తింది. "ఆఁ, ఆగు." అంతే. కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఫోటోగ్రాఫరు మిత్రుడొకడి దగ్గర, పిగ్మెంటు సిరాతో, నూలుకాగితం మీద నాలుగు ప్రతులు తీయించాను. బందరులో అదే కొట్టుకి వెళ్ళాను. గ్లాసు వేయించి, ఫోటోకీ గ్లాసుకీ మధ్య సందు ఉండేలా అట్ట పెట్టించి, ఎండపడని గోడ మీద పెట్టాను. రెండోది అక్కకి, మూడోది అమెరికాలో ఉన్న మేనకోడలికి. నాలుగోది దళసరి కవరులో, చీకట్లో. ఫైలుని మూడుచోట్ల దాచాను. ఒంటరి ప్రతి ఎంతకాలం ఉంటుందో నేర్చుకున్నాను కదా.

* * *

అమ్మ 2014లో పోయింది. పటం ఇప్పుడు నా ఇంట్లో, అమ్మ పటం పక్కన ఉంది. ఏటా నాన్నగారి ఆబ్దికం నాడు భోజనాలయ్యాక, కవరులోని ప్రతిని తీసి గోడ మీది దాని పక్కన పట్టుకుని చూస్తాను. దాదాపు ఇరవయ్యేళ్ళైంది. నా కంటికి తేడా కనబడలేదు. రెండూ ఒకేలా ఉన్నాయని మాత్రమే నేను చెప్పగలను. ఆయనలా ఉన్నాయని చెప్పవలసిన మనిషి లేదు. ఆవిడ "ఆగు" అన్నచోట ఆగాను, అంతవరకే నా పూచీ.

మొన్న మావాడు, "ఫోన్‌లో ఉంది కదా నాన్నా, గోడ మీద ఎందుకు?" అన్నాడు. ఫోన్‌లో ఉన్నది తెరిస్తేనే కనబడుతుందిరా, గోడ మీది మనిషి మనం చూడకపోయినా మనల్ని చూస్తాడు అన్నాను. వాడికి ఎంత ఎక్కిందో తెలియదు.

ఆ నారింజరంగు పటాన్ని పారేయలేదు. చట్రం తీసి, కాగితాన్ని అదే కవరులో అడుగున పెట్టాను. ఇప్పుడు నాన్నగారి పోలిక దాన్లో బాగా తగ్గింది. నుదుట అమ్మ పెట్టిన కుంకుమ మాత్రం, గ్లాసు లేని పుణ్యాన కాగితంలోకే ఇంకి, ఇంకా ఎర్రగానే ఉంది.